డీకాల్ చుట్టూ వెండి మెరుపు, రంగు గరుకు: 1/72 జాగ్వార్ గురించి అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న ఇది కదా: కడపలో హాస్టల్ రూములో 1/72 స్కేలు (నిజందానికి 72వ వంతు) జాగ్వార్ యుద్ధవిమానం బొమ్మ కట్టినావు, చిన్న కంప్రెసర్‌తో ఎయిర్‌బ్రష్ పట్టి మన ఎయిర్‌ఫోర్స్ ఆకుపచ్చ, బూడిద రంగులు కొట్టినావు, రంగు చేత్తో తడిమితే గరుకుగా తగులుతా ఉంది, దాని మీద రౌండెల్స్ (మూడు రంగుల గుండ్రటి గుర్తులు), నంబర్ల డీకాల్స్, అంటే నీళ్ళలో తడిపి అంటించే బొమ్మలు, పెడితే ఆరినాక చుట్టూ వెండి మెరుపు మాదిరి కనపడతా ఉంది, అక్కడక్కడ తెల్ల మరకలు కూడా. డీకాల్ షీటు నాసిరకందా, ఇంకోటి తెప్పించాల్నా, పెట్టినవన్నీ పీకేయాల్నా అని అడిగినావు.

కొనొద్దు, పీకొద్దు. తప్పు డీకాల్‌ది కాదు, దాని కింద ఉన్న రంగుది. మ్యాట్ (మెరుపు లేని) రంగు మీద, అదీ గరుకు రంగు మీద నేరుగా పెట్టినావు కాబట్టి డీకాల్ పల్చటి ఫిల్ముకీ రంగుకీ మధ్య గాలి ఇరుక్కుంది, ఆ గాలే వెండి మాదిరి మెరుస్తా ఉంది. డీకాల్స్‌కి ముందు గ్లాస్ (నున్నగా మెరిసే) క్లియర్ కోటు కొట్టి ఉంటే ఇది వచ్చేది కాదు. గరుకు వచ్చింది మే నెల ఎండకి, తెల్ల మరకలు వచ్చింది మీ హాస్టల్ బోరు నీళ్ళకి. మూడూ వేరే వేరే, కానీ మూడూ మన సైడు ఎక్కువ. ఇప్పుడున్న బొమ్మని ఎట్ల కాపాడుకోవాలో కింద రాస్తా, ముందు ఎందుకో చెప్తా, లేకపోతే తర్వాత కిట్టుకీ ఇదే మళ్ళీ అవుతాది.

నేను అనంతపురంలో కార్లకి డెంటింగ్, పెయింటింగ్ షెడ్ నడుపుతా, రాత్రిపూట ఈ బొమ్మల పని. బానెట్ మీద రంగు ఎట్ల ప్రవర్తిస్తాదో జాగ్వార్ రెక్క మీదా అట్లే, ఒకటి రేకు ఒకటి ప్లాస్టిక్ అనేదే తేడా. ఆ తేడా ఎక్కడ కొంప ముంచుతాదో కూడా చెప్తా.

మ్యాట్ రంగు మ్యాట్‌గా ఎందుకు కనపడతాదంటే దాని పైన కంటికి కనపడని గుంతలు, గుట్టలు ఉంటాయి, వెలుతురు పడితే అన్ని దిక్కులకీ చెదిరిపోతాది. డీకాల్ ఫిల్ము ఆ గుట్టల తలల మీద కూర్చుంటాది, గుంతల్లోకి దిగదు. గుంతల్లో మిగిలిన గాలికీ ఫిల్ముకీ మధ్య వెలుతురు తిరిగి కంటికి కొడతాది. ప్రింటు ఉన్న చోట కనపడదు, ప్రింటు లేని ఖాళీ ఫిల్ము ఉన్న అంచుల్లోనే తెలుస్తాది, అందుకే రౌండెల్ బాగుండి చుట్టూ మాత్రం రింగు మాదిరి కనపడతా ఉంది నీకు. ప్రొద్దుటూరు నుంచి ఒక పిల్లోడు ఇట్లే మిగ్-21 తీసుకొచ్చినాడు, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21లకి వీడ్కోలు చెప్పినప్పుడు టీవీలో చూసి కట్టాలనిపించిందంట, వాడికీ షీటు మీదే అనుమానం. ఒక రెక్కకి గ్లాస్ కొట్టించి, రెండో రెక్క మ్యాట్‌గానే వదిలి, అదే షీటులోవి, అదే గిన్నెలో తడిపి రెండు పక్కలా పెట్టించినా. గ్లాస్ రెక్క మీద ఫిల్ము అంచు యాడ ఉందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంకో మాట చెప్పే పని లేకపోయింది.

ఇప్పుడు గరుకు సంగతి. సీసా మీద, కిట్టు పేపర్ మీద రాసే కొలతలు 20, 25 డిగ్రీల గదిని అనుకుని రాసేటివి. మనకాడ మే నెల మధ్యాహ్నం 42 ఉంటాది, గాల్లో తేమ లేదు. నాజిల్ నుంచి వచ్చిన చుక్క ప్లాస్టిక్‌ని తాకేలోపే సగం ఆరిపోయి పొడిగా పడుతాది. షెడ్డులో కార్లకీ ఇదే గొడవ, అందుకే ఎండాకాలంలో మేము స్లో థిన్నర్ వాడుతాము. బొమ్మలకీ అదే లెక్క: థిన్నర్ పెంచు, ప్రెషర్ తగ్గించు, దగ్గరికి రా. మిస్టర్ కలర్ లాంటి లక్కర్ అయితే మామూలుగా ఒక వంతు రంగుకి రెండు వంతుల థిన్నర్ చాలు, మేలో నేను మూడు వంతుల దాకా పోతా, అదీ లెవలింగ్ థిన్నరే, దాంట్లో ఆరడం ఆలస్యం చేసే రిటార్డర్ కలిసే ఉంటాది. టామియా అక్రిలిక్ అయితే వాళ్ళ పెయింట్ రిటార్డర్ రెండు మూడు చుక్కలు వెయ్యి, ఎక్కువేస్తే రోజంతా జిగటగానే ఉంటాది. ప్రెషర్ 15 పీఎస్ఐ అటూ ఇటూ, 0.3 నీడిల్, దూరం నాలుగు వేళ్ళు. కొట్టిన వెంటనే పక్క నుంచి చూస్తే రంగు తడిగా మెరవాల, అర నిమిషం తర్వాత మెరుపు పోవాల. పడంగానే పొడిగా కనపడితే ఆపేయి, ఇంకో కోటు కొడితే సర్దుకుంటాది అనుకోవద్దు, గరుకు మీద గరుకు పేరుకుంటాది అంతే.

టైము కూడా చూసుకోవాల. తెల్లవారుజామున ఐదు, ఆరు గంటలప్పుడు కొట్టు, గది చల్లగా ఉంటాది, ఫ్యాను అవసరం ఉండదు. మేము బండికి రంగు కొట్టే ముందు షెడ్డు నేల మీద నీళ్ళు చల్లుతాము దుమ్ము లేవకుండా, నువ్వు రూములో తడిగుడ్డ పెట్టి తుడువు, అరగంట ఆగి మొదలుపెట్టు. ఆషాఢం గాలి మొదలైతే మాత్రం కిటికీ తెరిచి గ్లాస్ కోటు కొట్టే ఆలోచనే మానుకో. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు, ఆ గాలికి ఎర్రమట్టి తలుపు సందుల్లో నుంచి కూడా లోపలికొస్తాది, తడి గ్లాస్ మీద పడిందంటే పాలిష్ చేస్తే తప్ప పోదు. తుఫాను వానలప్పుడు దీనికి తిరగబడి, గాల్లో తేమ ఎక్కువై లక్కర్ మీద తెల్లగా పొగ పట్టినట్టు వస్తాది, ఆ రెండు మూడు రోజులు రంగు ముట్టుకోకుండా కాక్‌పిట్ పనో, టైర్ల పనో చూసుకో.

ఇక రేకుకీ ప్లాస్టిక్‌కీ తేడా అన్నా కదా. పెయింట్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ చవక అని చాలామంది అడుగుతారు. ఎయిర్‌బ్రష్ కడుక్కోవడానికి బ్రహ్మాండంగా పనిచేస్తాది, నేనూ వాడుతా. రంగులో కలిపి బొమ్మ మీద కొట్టావంటే మాత్రం బొమ్మ ప్లాస్టిక్ (పాలీస్టైరీన్) కరుగుతాది, ప్యానెల్ లైన్లు (రేకుల అతుకుల గీతలు) మెత్తబడి పూడిపోతాయి. అట్లే నా దగ్గర కార్లకి హార్డెనర్ కలిపి కొట్టే 2కే క్లియర్ డబ్బాలు ఎప్పుడూ ఉంటాయి, దాన్ని 1/72 జెట్టు మీద కొట్టను. ఒకటి, దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటాది, హాస్టల్ రూములో పీల్చే వస్తువు కాదు అది. రెండు, మందం. కారు క్లియర్ 50 మైక్రాన్లు ఉందనుకో, 72తో గుణిస్తే 3.6 మిల్లీమీటర్లు. నిజం జాగ్వార్ మీద అంత మందాన గాజు పోసినట్టు కనపడతాది. బొమ్మకి టామియా ఎక్స్-22 క్లియర్‌ని లెవలింగ్ థిన్నర్‌తో పల్చగా కలిపి కొట్టు, లేదంటే మిస్టర్ కలర్ గ్లాస్ లక్కర్. ముందు రెండు తుషార కోట్లు (మంచు మాదిరి పల్చగా), తర్వాత ఒక తడి కోటు. అద్దం మాదిరి రావాల్సిన పని లేదు, ట్యూబ్‌లైట్ ప్రతిబింబం అంచు తెలిస్తే చాలు. లక్కర్ అయితే ఒక రాత్రి, ఎక్స్-22 అయితే రెండు రోజులు ఆరనియ్యి. ఎండకి పైన తొందరగా ఆరినట్టుంటాది గానీ లోపల ఇంకా మెత్తగానే ఉంటాది, వేలిముద్ర పడుతాది. ఏది కొట్టినా గుడ్డ మాస్కు పనికిరాదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కొనుక్కో, ఆ గదిలో ఎలక్ట్రిక్ స్టవ్వు మీద మ్యాగీ చేసుకునే పని పెట్టుకోవద్దు.

రంగుల గురించి నువ్వు అడగలేదు గానీ ఫోటోలో ఆకుపచ్చ మరీ సైనిక జీపు మాదిరి ఉంది కాబట్టి చెప్తా ఉన్నా. మన జాగ్వార్లు 1979లో వచ్చినాయి, మొదటివి బ్రిటిష్ వాయుసేన దగ్గర నుంచి తీసుకున్నవి, అంబాలాలో 14 స్క్వాడ్రన్‌కి ఇచ్చినారు, అందుకని పై రంగులు కూడా బ్రిటిష్ పద్ధతే: బ్రిటిష్ స్టాండర్డ్ (బీఎస్) 381సీ రంగుల పట్టికలో డార్క్ గ్రీన్ 641, డార్క్ సీ గ్రే 638. మిస్టర్ కలర్‌లో 330, 331 నంబర్లు సరిగ్గా ఇవే. ఫ్రాన్స్ 2005లో, బ్రిటన్ 2007లో, ఒమన్ 2014లో వీటిని పక్కన పెట్టేసినాయి, ఇప్పుడు ఎగరేసేది మనమొక్కరమే. కాబట్టి మన విమానాలు ఎండకి ఎట్ల వెలిసినాయో చూసి నాలుగు చుక్కలు తెలుపు కలిపితే ఇంకా నిజంగా కనపడతాది. డబ్బా మీద బొమ్మని నమ్మొద్దు, నువ్వు కట్టే నంబరు విమానం ఫోటో వెతుక్కో, రెండు పక్కలవీ, అడుగుదీ. ఒకే విమానానికి ఐదేళ్ళ తేడాలో అడుగు రంగు, రౌండెల్ సైజు మారిపోతా ఉంటాయి. ఏరో ఇండియా విమాన ప్రదర్శనకి పోతే ఇంకా మంచిది, యలహంక బెంగళూరుకి మన వైపే ఉంది, అనంతపురం బస్సు హైవే మీదే పోతాది. అక్కడ విమానం మొత్తం ఒక్క ఫోటో కాదు, రౌండెల్ అంచు, రెక్క మొదట్లో బూట్ల మరకలు, ఎగ్జాస్ట్ వెనక మసి, ఇవి దగ్గర్నుంచి తీసుకో.

రెండు రంగుల మధ్య అంచు గురించి వాదనలు చాలా ఉన్నాయి. నా లెక్క ఇది: నిజం విమానం మీద స్ప్రే అంచు 5 సెంటీమీటర్లు పొగలాగా ఉంటే 1/72లో అది 0.7 మిల్లీమీటర్లు. అంటే దాదాపు గీత గీసినట్టే. బ్లూ టాక్ (అంటుకునే మెత్తటి బంక ముద్ద) సన్నగా తాడు మాదిరి పేని అంచు వెంబడి పెట్టి, గన్ను నిటారుగా పట్టి కొడితే సరిపోతాది. టేపు వాడితే మనకాడ ఒక జాగ్రత్త: పెయింట్ షాపు మాస్కింగ్ టేపుకి జిగురు ఎక్కువ, ముందు ప్యాంటు మీద రెండుసార్లు అంటించి తీసి అప్పుడు బొమ్మకి పెట్టు. ఎండాకాలం దాన్ని రాత్రంతా వదిలేస్తే జిగురు ఉడికి రంగు మీదే మిగిలిపోతాది, రంగు ముట్టుకుంటే అంటకుండా ఉందంటే పీకేసేయి.

ఇప్పుడు డీకాల్స్ పెట్టే పని. బోరు నీళ్ళు వద్దు. మన సైడు ఉప్పునీళ్ళు ఎట్లుంటాయో నీకు చెప్పాల్నా, బకెట్ల అంచుకి తెల్లగా పేరుకునేదే నీ రౌండెల్ కింద కూడా పేరుకుంది. క్యాను నీళ్ళు పర్వాలేదు, అన్నిటికన్నా మేలు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్, ఏ బ్యాటరీ షాపులో అడిగినా ఇస్తారు, ఒక బాటిల్ తెస్తే ఏడాది వస్తాది. గోరువెచ్చగా ఉండాల. పది, పదిహేను సెకండ్లు ముంచి తీసి టిష్యూ మీద ఒక నిమిషం పెట్టు, దానంతట అదే కాగితం మీద కదలడం మొదలవుతాది. నీళ్ళలోనే వదిలేసి ఫోన్ చూసుకుంటా కూర్చుంటే జిగురంతా నీళ్ళలోకి పోతాది.

నీ ఫోటో చూస్తే మన ఎయిర్‌ఫోర్స్ గుర్తులు కిట్టులోవి కాదు, విడిగా కొన్న షీటు మాదిరి ఉంది. అట్లాంటి కొన్ని షీట్లలో ఫిల్ము మొత్తం ఒకటే పరిచి ఉంటాది, గుర్తు చుట్టూ ఆగదు. కాబట్టి ప్రతిదాన్నీ ప్రింటుకి ఆనుకుని కొత్త బ్లేడుతో కత్తిరించుకోవాల. ఎంత ఖాళీ ఫిల్ము తీసేస్తే అంత మెరుపు బెడద తగ్గినట్టే. ఇంకోటి, మన రౌండెల్‌లో బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ కదా, కొన్ని షీట్లలో తెలుపు పల్చగా ఉంటాది, రౌండెల్ సగం ఆకుపచ్చ మీద సగం బూడిద మీద పడితే ఆ గీత తెల్ల రింగులో నుంచి కనపడతాది. మూల మీద ఒక చిన్న ముక్క అంటించి ముందే చూసుకో. కనపడితే రౌండెల్ కన్నా కొంచెం చిన్న గుండ్రం టేపులో కోసి ఆ చోట తెలుపు కొట్టి, దాని మీద డీకాల్ పెట్టు.

పెట్టే చోట ముందు మైక్రో సెట్ అనే డీకాల్ ద్రవం తడుపు, నీలం లేబుల్‌ది. చల్లటి దేశాల్లో వాళ్ళు ఒక చుక్క చాలంటారు, మనకాడ ఫ్యాను కింద ఆ చుక్క డీకాల్ జరుపుకునేలోపే ఆరిపోయి అది పట్టుకుంటాది. ఫ్యాను ఆపు, నీళ్ళు ధారాళంగా ఉంచు, సరైన చోట కూర్చున్నాక బ్రష్షుతో మధ్య నుంచి బయటికి తోస్తా నీళ్ళు తీసేయి, ఇయర్ బడ్ తడిపి దొర్లించు, రుద్దొద్దు. అప్పుడు మైక్రో సోల్, ఎర్ర లేబుల్. ఇది ఫిల్ముని మెత్తబరిచి ప్యానెల్ లైన్లలోకి దింపుతాది. వేసిన కాసేపటికి డీకాల్ కాగిన పాల మీద మీగడ మాదిరి ముడతలు పడుతాది, చూసి గుండె ఆగినంత పనవుతాది, అప్పుడు మాత్రం వేలు పెట్టొద్దు. ఆరేకొద్దీ దానంతట అదే చదునైపోతాది. మొండి డీకాల్‌కి మిస్టర్ మార్క్ సాఫ్టర్ ఇంకొంచెం గట్టిగా పనిచేస్తాది, ముందు అవసరం లేని ముక్క మీద చూసుకో, కొన్ని ఫిల్ములు దానికి కరిగిపోతాయి.

పాత కిట్టు సంగతి కూడా ఒకరు కింద కామెంట్లో అడిగినారు కాబట్టి: డీకాల్ షీటు పసుపెక్కి ఉంటే పారేయొద్దు. జిప్‌లాక్ కవర్లో పెట్టి ఎండ పడే కిటికీ అద్దానికి లోపలి వైపు అంటించండి, ప్రింటు బయటికి చూసేట్టు. ఎండకి ఫిల్ము పసుపు విరిగిపోతాది. కర్నూలులో మా స్నేహితుడు ఒకాయన అటక మీద నుంచి తీసిన షీటుకి ఇట్ల చేస్తే నిజంగానే తెల్లబడింది, ఈ ఒక్క విషయంలో మన ఎండ పనికొచ్చింది. కానీ పాత ఫిల్ము నీళ్ళలో ముక్కలవుతాది, తడిపే ముందు షీటు మీద పల్చగా క్లియర్ లక్కర్ ఒక కోటు కొట్టి, అప్పుడు ప్రతిదీ కత్తిరించుకోవాల.

తమ్ముడూ, ఇప్పుడు నీ బొమ్మకి. కొత్త బ్లేడు మొనతోనో సన్న సూదితోనో మెరుస్తున్న చోటల్లా దగ్గర దగ్గరగా పొడువు, ప్రింటు ఉన్న చోట కాదు, ఖాళీ ఫిల్ము మీద. పైన మైక్రో సోల్ పూయి, ఆ చిల్లుల్లో నుంచి కిందికి దిగి గాలిని తోసేస్తాది. ఆరనిచ్చి మళ్ళీ చూడు, మిగిలితే మళ్ళీ. ఒకసారికే పోదు, ఓపిక కావాల. తెల్ల మరకలు ఫిల్ము పైన ఉంటే డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన ఇయర్ బడ్‌కి పోతాయి, కింద ఉంటే పోవు, ఆ ఒక్కటి టేపు అంటించి లేపేసి వేరేది పెట్టుకో. గరుకు ఉన్న చోట, ఇంకా డీకాల్ పెట్టని చోట్ల, 2000 నంబర్ వాటర్ పేపర్ తడిపి రెక్క పొడవునా రెండు మూడు సార్లు పోనియ్యి, అంచుల మీద మాత్రం ఒత్తొద్దు, రంగు లేచి ప్లాస్టిక్ బయటపడుతాది. తర్వాత గ్లాస్ కొట్టి మిగతా స్టెన్సిల్స్ (చిన్న చిన్న రాతల డీకాల్స్) పెట్టు.

అన్నీ ఆరినాక డీకాల్స్ మీద ఒక పల్చటి గ్లాస్, దాని మీద ప్యానెల్ లైన్ వాష్ (గీతల్లో పారించే పల్చటి ముదురు రంగు) ఎనామెల్‌ది, ఆఖర్న మ్యాట్ క్లియర్. లక్కర్ క్లియర్ ఏదైనా డీకాల్ మీద మొదటిసారే తడిగా పోస్తే ఫిల్ము కరిగి ముడుచుకుంటాది, ముందు దూరం నుంచి రెండు తుషార కోట్లు ఆరనిచ్చి అప్పుడు దగ్గరికి రా. మన జాగ్వార్‌కి గాల్లో విమానాల మీద కొట్టే మిసైల్ రెక్క కింద కాదు, రెక్క పైన ఉంటాది కదా, దాన్ని పట్టుకునే పైలాన్లు ఇదంతా అయినాకే అంటించు, ముందే అంటిస్తే రౌండెల్ పెట్టేటప్పుడు చెయ్యి తగిలి విరుగుతాయి. పూర్తయినాక ఊరికి తీసుకుపోయేటప్పుడు కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టొద్దు, మూసిన కారులో మే ఎండకి రెక్కలు వంకర పోతాయి.

ముందు ఎడమ రెక్క రౌండెల్ ఒక్కదానికే సూది పని చేసి చూడు. ఫ్లాష్ వెయ్యకుండా, పక్క నుంచి లైటు పడేట్టు ఫోటో తీసి ఇక్కడే పెట్టు, చూసి చెప్తా.